ఫ్లైఓవర్ దిగేటప్పుడే జాగ్రత్త

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు, పరిగెత్తబోయేవాళ్లకు ఒక మాట. నేను ఆరు నెలలు మా కాలనీ పార్కులో చదునైన దారి మీదే ప్రాక్టీసు చేసి వెళ్లాను. నెక్లెస్ రోడ్డు మీద హాయిగానే సాగింది. ఫ్లైఓవర్లు మొదలయ్యాక తెలిసొచ్చింది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందని అందరికీ తెలుసు. నన్ను దెబ్బతీసింది దిగుడు. పల్లమే కదా అని పెద్ద పెద్ద అంగలు వేశాను. పదిహేనో కిలోమీటరుకల్లా తొడలు రాళ్లయ్యాయి.

ఎక్కేటప్పుడు పక్కవాళ్లతో ఒక్క వాక్యం కూడా మాట్లాడలేకపోతుంటే నడిచేయండి, సిగ్గేం లేదు. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి. మడమతో బ్రేకు వేయొద్దు. రేసుకు ముందు నెలలో రెండు మూడు ఆదివారాలైనా ఎత్తుపల్లాలున్న రోడ్డు మీద పరిగెత్తి చూసుకోండి.

అన్నట్టు, ఆగస్టు ఉక్కకు బట్టలు తడిసి ఒరుసుకుంటాయి. చంకల్లో, తొడల మధ్య వాజిలీన్ రాసుకోండి. కిట్‌లో ఇచ్చిన కొత్త టీషర్టు ఆ రోజు అసలు వేసుకోకండి. నేను వేసుకున్నాను. ఎక్కడెక్కడ ఒరుసుకుందో ఇంటికొచ్చి స్నానం చేస్తుంటే సబ్బు చెప్పింది.