సముద్ర జీవుల మీద సమకాలీన కళ: చూసే నేర్పు – మూడో పాఠం: కర్త ఎవరు?

కిందటి రెండు పాఠాల్లో ఒక కళాకృతి ఎదుట నిలబడి, పక్కనున్న వివరణ చదవకుండానే, అది ఏ పదార్థంతో తయారైందో, ఎంత పరిమాణంలో ఉందో, మనల్ని ఎంత దూరంలో నిలబెడుతోందో రాసుకోవడం అభ్యసించాం. ఆ రాతను పక్కన పెట్టుకుని ఈ పాఠంలో ఒకే ఒక్క ప్రశ్న వేయడం నేర్చుకుందాం: ఈ కృతిలో సముద్ర జీవి ఏం చేస్తోంది? సముద్రం గురించిన కళను చూసినప్పుడు మన ఆలోచన సాధారణంగా ఆ జీవి దేనికి ప్రతీక అన్న దగ్గరే ఆగిపోతుంది. తిమింగలం అంటే అనంతమని, తాబేలు అంటే ఓర్పని, సొరచేప అంటే భయమని తేల్చేస్తాం. ఆ తొందరలో కళ్లెదుట ఉన్న ప్రాణి మనకు కనబడకుండా పోతుంది.

పద్ధతి కష్టమైనది కాదు. బడిలో వాక్యాన్ని కర్త, కర్మ, క్రియ అని విడదీసినట్టే కృతినీ విడదీయండి. ముందుగా జీవిని కర్తగా పెట్టి ఒక వాక్యం రాయండి. దానికి ఒక గట్టి క్రియ దొరికిందా, లేక ‘ఉంచబడింది’, ‘చూపబడింది’ వంటి కర్మణి రూపాలే కలం చివరికి వస్తున్నాయా గమనించండి. తెలుగులో సహజంగా ఇమడని ఆ రూపాలు పదే పదే వస్తున్నాయంటే, ఆ కృతిలో పని అంతా మనిషిదేనని, జీవి కేవలం కర్మ అని అర్థం చేసుకోవచ్చు.

అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడదాం. బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 1991లో టైగర్ షార్క్ అనే జాతికి చెందిన ఒక పెద్ద చనిపోయిన సొరచేపను, శరీరం కుళ్లకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్ ద్రావణం నింపిన గాజు తొట్టెలో నిలబెట్టాడు. ఆ సొరచేపను ఈ పని కోసమే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో పట్టించారు. కాలక్రమంలో దాని శరీరం పాడైపోవడంతో 2006లో మరో సొరచేపను తెచ్చి ఆ స్థానంలో పెట్టారు. ఇప్పుడు వాక్యం రాసి చూడండి: ‘సొరచేప పట్టుబడింది, చంపబడింది, తొట్టెలో ఉంచబడింది, మార్చబడింది.’ తెరిచిన నోరు మన మీదికి వస్తున్నట్టు అనిపించినా, ఆ కదలిక మన ఊహలో పుట్టినదే. మరణం గురించిన కృతిగా దానికున్న బలాన్ని నేను కాదనను. అయితే మనిషికీ సముద్ర జీవికీ ఉన్న సంబంధం విషయంలో అది చెప్పేది, ఒక జీవి పాడైతే దాని బదులు ఇంకొకటి తెప్పించుకోవచ్చన్న సంగతినే. ఆ మాట ఆ కృతి చరిత్రలో ఉంది గానీ, గాజు తొట్టె ముందు నిలబడినవారికి కనబడదు. అందుకే జీవి ఎక్కడి నుంచి వచ్చింది, తరువాత ఏమైంది అన్న రెండు వివరాలను ఈ పద్ధతిలో తప్పకుండా వెతకాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన పని జపాన్ కళాకారిణి అకి ఇనొమాటాది. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. హెర్మిట్ పీత తన గవ్వను తాను తయారు చేసుకోలేదు. చనిపోయిన నత్తల ఖాళీ గవ్వలో మెత్తని పొట్ట భాగాన్ని దాచుకుని, శరీరం పెరిగినకొద్దీ ఇల్లు మారుస్తూ బతుకుతుంది. ఇనొమాటా 2009 నుంచి ఈ పీతల కోసం పారదర్శకమైన రెసిన్‌తో త్రీడీ ముద్రణలో ఇళ్లు చేస్తోంది. వాటి పైభాగంలో ప్రపంచ నగరాల భవనాలు చిన్న చిన్న శిల్పాలుగా కనిపిస్తాయి. మొదట చేసిన ఆకారాలను పీతలు ఖాతరు చేయలేదు. అప్పుడామె నిజమైన గవ్వలను సీటీ స్కాన్ చేయించి, లోపలి మెలికను అర్థం చేసుకుని, దానికి తగినట్టు కొత్త ఇళ్లను మలిచింది. ఆ తరువాతే పీతలు వాటిలోకి మారాయి. టోక్యోలోని ఫ్రెంచి రాయబార కార్యాలయపు పాత స్థలం కొన్నేళ్ల పాటు జపాన్‌దై, మళ్లీ ఫ్రాన్స్‌కు చెందబోతుందన్న సంగతి ఈ ఆలోచనకు మూలం. నేల అక్కడే ఉండగా దాని దేశం మారిపోవడం, పీత అదే అయినా దాని ఇల్లు మారిపోవడం ఆమెకు ఒకదాని పక్కన ఒకటిగా తోచాయి.

దీని మీద నమూనాగా ఇలా రాయవచ్చు: ‘పీత గవ్వ అంచును కాళ్లతో తడుముతుంది, లోపలి ఖాళీని కొలుస్తుంది, నచ్చకపోతే వదిలేస్తుంది, నచ్చితే పాత ఇంటిని విడిచి ఒక్క ఉదుటున దూరిపోతుంది.’ నాలుగు క్రియలకూ పీతే కర్త. వాటిలో ‘వదిలేస్తుంది’ అన్నది చాలా విలువైనది, ఎందుకంటే కళాకారిణి పనిని తిరస్కరించే అధికారం ఆ జీవికి ఉందని, ఆ తిరస్కారమే ఆమె పనిని మెరుగుపరిచిందని అది చెబుతుంది. అలాగని ఇక్కడ మనిషి ఆధిపత్యం లేదని అనుకోకూడదు. పీత తొట్టెలోనే ఉంది, భవనాల అర్థం మనకే తెలుసు, పీతకు కావలసింది లోపలి మెలిక మాత్రమే. ఈ రెండో సంగతినీ మీ రాతలో చేర్చాలి.

కర్త స్థానం మనిషికీ జీవికీ మధ్య చేతులు మారే కృతులూ ఉన్నాయి. శిల్పి జేసన్ డికైర్స్ టేలర్ మెక్సికోలోని కాన్‌కూన్ తీరంలో సముద్రం అడుగున నిలిపిన మానవ విగ్రహాల సమూహంలో నాలుగు వందలకు పైగా శిల్పాలున్నాయి. పగడాలు పట్టుకోవడానికి అనువైన ప్రత్యేక సిమెంటుతో వాటిని చేశారు. నీటిలో దించేవరకు కర్త శిల్పి. ఆ తరువాత నాచు, స్పంజికలు, పగడాలు ముఖాలను కప్పి, కనుబొమలను చెరిపి, పనిని కొనసాగిస్తాయి. ఇలాంటి చోట తేదీ వేసుకుని రాయండి, ఎందుకంటే మొదటి ఏడాది ఛాయాచిత్రానికీ పదేళ్ల తరువాతి దానికీ రాయవలసిన క్రియలు వేరు. సహజ పగడపు దిబ్బల మీద పర్యాటకుల ఒత్తిడి తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. అయినా నీరు వేడెక్కి పగడాలు తెల్లబారుతున్నప్పుడు సిమెంటు ఆధారం వాటిని కాపాడలేదు. కృతిని మెచ్చుకుంటూనే ఈ పరిమితిని స్పష్టంగా రాయడం మంచి పరిశీలకుడి పని.

జీవి అసలే లేని కృతులకు ఈ ప్రశ్న వేరుగా పనిచేస్తుంది. మార్గరెట్, క్రిస్టీన్ వర్ట్‌హైమ్ సోదరీమణులు 2005లో ప్రారంభించిన క్రోషే (కొక్కెపు సూదితో చేసే అల్లిక) పగడపు దిబ్బలో ఉన్నది నూలు, దానిని అల్లిన వేలమంది చేతులు. అక్కడ మనుషులే కర్తలు, ఆ సంగతిని కృతి దాచదు. అందువల్ల జీవి ఏం చేస్తోందని గాక, దాన్ని తలచుకుంటూ మనుషులు ఏం చేస్తున్నారని అడగాలి.

ఈ వారం అభ్యాసానికి జపాన్‌కే చెందిన కళాకారుడు షిమాబుకు 2000లో చేసిన పనిని తీసుకోండి. ఆయన జపాన్ తీరపట్టణం అకాషిలో పట్టిన ఆక్టోపస్‌ను సజీవంగా బుల్లెట్ రైల్లో టోక్యోకు తీసుకువెళ్లి, నగరాన్ని, త్సుకిజీ చేపల మార్కెట్టును చూపించి, తిరిగి తెచ్చి అకాషి సముద్రంలోనే వదిలిపెట్టాడు. ముందు ఆక్టోపస్ కర్తగా మూడు వాక్యాలు, తరువాత షిమాబుకు కర్తగా మూడు వాక్యాలు రాయండి. ‘చూసింది’ అన్న క్రియను ఆక్టోపస్‌కు వాడాలనిపిస్తే, అది మీకు నిజంగా తెలిసిన సంగతా, లేక కళాకారుడి ఆతిథ్య భావన నుంచి మీరు తీసుకున్నదా అని తేల్చుకున్నాకే వాడండి. చివరగా, ఈ ప్రయాణం ఆక్టోపస్‌కు మేలా, కీడా, రెండూ కాదా అన్న దానిపై మీ అభిప్రాయాన్ని కారణంతో సహా ఒక పేరాలో రాయండి.

వచ్చే పాఠంలో కంటిని వదిలి చెవిని ఆశ్రయిస్తాం. నార్వే కళాకారిణి యానా విండెరెన్ హైడ్రోఫోన్లతో (నీటి అడుగు మైకులతో) సేకరించిన నీటి అడుగు శబ్దాలను విని, వాటికి కర్తలను వెతుకుతాం. ఆ పాఠానికి హెడ్‌ఫోన్లు, ఈ వారం మీరు రాసిన ఆరు వాక్యాలు దగ్గర ఉంచుకోండి.