కలని తెలిసిన కలలో ఒళ్లు బిగుసుకుపోతే

ఇది కలే అని తెలుస్తూనే ఉంటుంది, కానీ ఒళ్లంతా ఝుమ్మంటుంది, పైకి తేలిపోతున్నట్టు ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాసి పగలు పడుకునే మాలాంటి వాళ్లకు ఈ బాధ తరచూ ఉంటుంది. దయ్యం పట్టిందని టెన్షన్ పడకండి. కలలొచ్చే నిద్రలో కాళ్లూ చేతులూ పట్టు వదిలేస్తాయి. ఊపిరి, కళ్లు పనిచేస్తూనే ఉంటాయి.

అందుకే లేవాలని పెనుగులాడొద్దు, భయం ఇంకా పెరుగుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. కళ్లు కుడి ఎడమలకు తిప్పుతూ, కాలి బొటనవేలు ఒక్కటి కదపడం మీదే ధ్యాస పెట్టండి. అది కదిలిందంటే మిగతా ఒళ్లు కూడా మెల్లగా స్వాధీనంలోకి వస్తుంది. మెలకువ రాగానే మళ్లీ వాలిపోతే అదే తిరగబెట్టొచ్చు. లేచి కూర్చుని మంచినీళ్లు తాగి, ఐదు నిమిషాలాగి పక్కకు తిరిగి పడుకోండి. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువ, కాబట్టి వీపు వెనక దిండు ఆన్చుకుంటే మంచిది.

నిద్ర చాలని రోజుల్లో ఈ చిట్కాలు అంతగా పనిచేయకపోవచ్చు. పగలు ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తున్నా, నవ్వినప్పుడు మోకాళ్లు పట్టు తప్పుతున్నా చిట్కాలు పక్కన పెట్టి నరాల డాక్టరుకు చూపించుకోండి.