బాక్టీరియా పెల్లెట్‌ను ఉండలు లేకుండా బఫర్‌లో కలపడం

ఈ. కోలై బీఎల్21(డీఈ3) అనే బాక్టీరియా రకం కణాలలో తయారైన, హిస్టిడిన్ ట్యాగ్ (నికెల్‌కు అంటుకునే చిన్న తోక) ఉన్న ప్రోటీన్‌ను నికెల్ కాలమ్‌పై శుద్ధి చేసేవారు సోనికేషన్‌పై (ధ్వని తరంగాలతో కణాలను పగలగొట్టడంపై) చూపే శ్రద్ధను, అంతకుముందు పెల్లెట్‌ను (సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు చేరిన కణాల ముద్దను) కలిపే పనిపై చాలాసార్లు చూపరు. ఉండకట్టి మిగిలిన కణాల ముద్ద లోపలి పొరలకు, కణ గోడను కోసే ఎంజైమ్ అయిన లైసోజైమ్ సరిగా చేరదు. పగలకుండా ఉండిపోయిన ఆ కణాలు సెంట్రిఫ్యూజ్‌లో వ్యర్థాలతో పాటు అడుగుకు చేరితే, వాటిలోని ప్రోటీన్ కూడా అక్కడితోనే పోతుంది.

ఖాళీ ట్యూబు బరువును ముందే రాసిపెట్టుకుంటే పెల్లెట్ తడి బరువు తేలికగా తెలుస్తుంది. గ్రాముకు 3 నుంచి 5 మి.లీ. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) సరిపోతుంది. బఫర్ తగ్గితే ద్రవం చిక్కబడి సోనికేషన్‌లో వేడెక్కుతుంది, మరీ పెరిగితే ప్రోటీన్ పలచబడి, కాలమ్‌పై ఎక్కించడానికి గంటలు పడుతుంది.

బఫర్‌లో 50 మిల్లీమోలార్ ట్రిస్, 300 మిల్లీమోలార్ ఉప్పు, 10 మిల్లీమోలార్ ఇమిడజోల్ (ఇతర ప్రోటీన్లు నికెల్‌కు అంటుకోవడాన్ని తగ్గించేది) ఉండి, పీహెచ్ 8.0 ఉండాలి. ట్రిస్ పీహెచ్ చల్లబడేకొద్దీ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున పెరుగుతుంది కనుక, గది ఉష్ణోగ్రత వద్ద 8.0కు సరిచేసిన బఫర్ 4 డిగ్రీల వద్ద 8.6 దాకా వెళుతుంది. పీహెచ్‌ను చల్లటి బఫర్‌లోనే సరిచేయడం మేలు. లోహ అయాన్లను పట్టుకునే రసాయనమైన ఈడీటీఏ నికెల్‌ను లాగేసుకుంటుంది కాబట్టి దానిని కలపకూడదు. బీఎల్21లో లాన్, ఓంప్‌టీ అనే ప్రోటియేజులు (ప్రోటీన్లను కోసే ఎంజైములు) లేకపోయినా తక్కినవి ఉంటాయి కనుక, వాటిని అడ్డుకునే పీఎంఎస్ఎఫ్ 1 మిల్లీమోలార్ అవసరం. అయితే ఇది నీటిలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది, పీహెచ్ 8 వద్ద అరగంటకు కాస్త అటూఇటుగా సగం పోతుంది. అందుచేత ఐసోప్రొపనాల్‌లో కరిగించి ఉంచుకున్న ద్రావణాన్ని పని మొదలుపెట్టే క్షణంలోనే, గ్లోవ్స్ వేసుకుని కలపాలి. పీఎంఎస్ఎఫ్ విషపదార్థం.

మైనస్ 80 డిగ్రీల వద్ద దాచిన పెల్లెట్‌ను ఐస్‌పై మెత్తబడనిచ్చాక, బఫర్ మొత్తాన్ని ఒక్కసారిగా పోయవద్దు. రాగిజావకు పిండిని ముందు కొద్ది నీళ్లలో జారుగా కలిపి, ఆ తరువాతే ఎసట్లో పోసినట్లు, ఇక్కడ కూడా ఐదోవంతు బఫర్ మాత్రమే పోసి, మెత్తని కుంచెతోగానీ ప్లాస్టిక్ గరిటెతోగానీ గోడకు అంటిన కణాలను అంచుల నుంచి లోపలికి తీస్తూ ముద్దగా చేయాలి. ముద్ద నునుపుగా అయ్యాకే తక్కిన బఫర్‌ను రెండు మూడు విడతలుగా పోసి, 10 మి.లీ. పిపెట్‌తో పీలుస్తూ వదులుతూ ఉండాలి. పిపెట్ మొన ఎప్పుడూ ద్రవంలో మునిగే ఉండాలి, ఎందుకంటే నురగ వస్తే గాలి తగిలే అంచున ప్రోటీన్లు మడత విప్పుకుని పాడవుతాయి. ఈ పనికి పది నిమిషాలు పట్టినా తొందరపడవద్దు. ట్యూబును వెలుతురుకు ఎదురుగా వంచి చూసినప్పుడు గోడపై ఒక్క పలుకు కూడా జారకుండా, ద్రవం చిక్కటి మజ్జిగలా ఒకే తీరుగా ఉంటే కలపడం పూర్తయినట్లు.

అప్పుడు మి.లీ.కు 1 మి.గ్రా. లైసోజైమ్ వేసి 30 నిమిషాలు ఐస్‌లో ఉంచితే, బయటికి వచ్చిన డీఎన్ఏ వల్ల ద్రవం తీగలా సాగుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్‌తో పాటు, డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్ అయిన డీఎన్ఏజ్ వేస్తే అది పలచబడుతుంది. పీలిస్ఎస్ అనే ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) ఉన్న కణాలైతే టీ7 లైసోజైమ్‌ను తామే తయారుచేసుకుంటాయి కాబట్టి, గడ్డకట్టి కరిగేసరికే పగలడం మొదలుపెడతాయి. వాటికి పీఎంఎస్ఎఫ్, డీఎన్ఏజ్ రెండూ మొదటి విడత బఫర్‌లోనే ఉండాలి.