బైక్ చైన్ టైట్ చెయ్యడం అరగంట పనే, గీతల్ని గుడ్డిగా నమ్మితేనే తంటా

స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా వెనక నుంచి టకటకమని చైన్ కవర్‌కి కొట్టుకునే సౌండ్, యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ ఇస్తే ఒక కుదుపు, ఈ రెండూ ఉన్నాయంటే చైన్ లూజైనట్టే. మెకానిక్ దగ్గరికెళ్తే రెండు నిమిషాల్లో బిగించి పంపేస్తాడు, నాకూ ఒకసారి అలాగే బిగించి ఇచ్చారు, చైన్ వీణ తీగలా ఉంది, నేనేమో భలే టైట్‌గా చేశాడని మురిసిపోయా. నెల తిరక్కుండా ఆ బిగువుకి ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) దగ్గర ఆయిల్ సీల్ కారడం మొదలైంది. అప్పట్నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నా.

నాది పాత 150 సీసీ బండి, వెనక డ్రమ్ బ్రేకు, సెంటర్ స్టాండు ఉంది, దాన్ని బట్టే చెప్తున్నా. పూర్తిగా కవర్ ఉన్న చైన్ అయితే కింద రబ్బరు మూత తీసి చూడాలి, మిగతాదంతా దాదాపు ఇదే.

బండి సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టి తాళం తీసి జేబులో వేసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి గేరేసి చైన్ తిప్పుతూ ఆయిల్ కొట్టేవాళ్ళని చూస్తుంటాం, వేళ్ళు పోయేది అక్కడే, ఆ పని చెయ్యకండి. చైన్ కింది వైపు రెండు స్ప్రాకెట్లకి సరిగ్గా మధ్యలో స్కేలు నిలబెట్టి, వేలితో పైకి నెట్టి ఒక రీడింగ్, కిందికి లాగి ఇంకో రీడింగ్, ఆ తేడానే ప్లే. చాలా మామూలు బండ్లకి ఇది 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్యలో ఏదో ఒకటి ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్లో గానీ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కమ్మి) మీది స్టిక్కర్లో గానీ చూసుకోండి. ఒక్క చోటే కొలిచి ఊరుకోవద్దు, చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి, ఎందుకంటే చైన్ అంతా ఒకేలా సాగదు, ఎక్కడ బాగా టైట్‌గా ఉందో అక్కడ పెట్టే సెట్ చెయ్యాలి, లూజున్న చోట చూసి బిగిస్తే టైట్ చోటు వచ్చినప్పుడల్లా బేరింగుల మీద భారం పడుతుంది. తేడా మరీ ఎక్కువుంటే అడ్జస్ట్‌మెంట్ దండగ, చైన్ అయిపోయినట్టే. 428 సైజు చైన్ అయితే 21 పిన్నులు లెక్కపెట్టి మొదటి దాని సెంటర్ నుంచి చివరి దాని సెంటర్ దాకా కొలవండి, కొత్తది 254 మిల్లీమీటర్లు ఉంటుంది, 259 దాటిందంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్ మొత్తం మార్చెయ్యాలి, చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్ళు కొత్త చైన్‌ని తినేస్తాయి.

ఇప్పుడు నట్లు ఈ వరసలో వదులు చెయ్యాలి. బ్రేకు ప్లేటుని పట్టుకునే టార్క్ రాడ్ నట్టు కొంచెం, బ్రేకు రాడ్ చివర నట్టు కొన్ని చుట్లు, తర్వాత యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు (నట్టు ఊడకుండా వేసే కాటర్ పిన్ను ఉంటే ముందు అది పీకాలి), చివరికి చైన్ వైపు ఉండే పెద్ద స్లీవ్ నట్టు. ఈ స్లీవ్ నట్టుని చాలామంది మర్చిపోతారు, అది వదలకపోతే ఆ వైపు చక్రం కదలదు, కదలట్లేదని చక్రాన్ని వెనక్కి లాగే అడ్జస్టర్‌ని పానాతో బలంగా తిప్పితే మర పోతుంది.

అడ్జస్టర్లు కదలకుండా ఆపే లాక్ నట్లు వదిలి, రెండు వైపులా సమానంగా, ఒక్కో పలక చొప్పున తిప్పండి. నట్టుకి ఆరు పలకలు, అంటే చుట్టులో ఆరో వంతు. ఎడమ ఒక పలక, కుడి ఒక పలక, కొలత, మళ్ళీ. ఎక్కువ బిగిసిందనుకోండి, అడ్జస్టర్లు వెనక్కి తిప్పేస్తే సరిపోదు, టైరుని వెనక నుంచి కాలితో ముందుకి తన్నాలి, అప్పుడే యాక్సిల్ వెనక్కొచ్చిన దారిన మళ్ళీ ముందుకి జరుగుతుంది.

అలైన్‌మెంటే అసలు సంగతి, అంటే వెనక చక్రం ముందు చక్రంతో ఒకే వరసలో ఉండటం. స్వింగ్ ఆర్మ్ మీద గీతలు ఉంటాయి, రెండు వైపులా ఒకే గీత దగ్గర ఉంటే చాలంటారు, కానీ ఆ గీతలు మందంగా ఉంటాయి, పైగా మట్టి, తుప్పు, కంటికి అర మిల్లీమీటర్ తేడా తెలీదు. యాక్సిల్ దగ్గర ఒక్క మిల్లీమీటర్ తేడా వస్తే ముందు టైరు దగ్గరికొచ్చేసరికి ఐదారు మిల్లీమీటర్లవుతుంది. అందుకే నేను దారం కడతా. వెనక టైరు చుట్టూ దారం తిప్పి, రెండు కొసలూ స్టాండు కాళ్ళ మధ్య నుంచి దేనికీ తగలకుండా ముందు టైరు దాటించి లాగి, రెండు ఇటుకలకి కట్టండి. దారం వెనక టైరు ముందంచుకీ వెనకంచుకీ రెంటికీ సరిగ్గా ఆనాలి. హ్యాండిల్ తిన్నగా పెట్టి ముందు టైరుకీ దారానికీ మధ్య గ్యాప్ చూడండి, వెనక 100, ముందు 80 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లయితే ఒక్కో పక్క సుమారు 10 మిల్లీమీటర్లు రావాలి. ఒక పక్క 15, ఇంకో పక్క 5 వచ్చిందంటే వెనక చక్రం వంకరగా ఉంది, గ్యాప్ తక్కువున్న వైపు అడ్జస్టర్ అర పలక బిగించి, రెండో వైపు అర పలక వదిలి టైరుని ఒక్క తన్ను తన్నండి, ప్లే పెద్దగా మారదు. ఎప్పుడో పడి ముందు ఫోర్కులు గానీ ఛాసిస్ గానీ వంగిన బండికి మాత్రం దారం అబద్ధం చెప్తుంది, అప్పుడు వెనక నుంచి ఒక కన్ను మూసి చైన్ మీదుగా చూడండి, స్ప్రాకెట్ దగ్గర లింకులు పక్కకి వంగకుండా తిన్నగా పోవాలి.

బిగించేటప్పుడు యాక్సిల్ జరిగిపోతుంది, దానికో చిట్కా. చైన్ కింద నుంచి వెనక స్ప్రాకెట్‌లోకి వెళ్ళే చోట మడతపెట్టిన పాత గుడ్డ పెట్టి, చేత్తోనే చక్రాన్ని ముందుకి తిప్పితే గుడ్డ ఇరుక్కుని చైన్ బిగుసుకుంటుంది, యాక్సిల్ అడ్జస్టర్లకి ఆనుకుని నిలబడుతుంది. వేళ్ళు మాత్రం దూరంగా. అలా ఉంచే స్లీవ్ నట్టు, తర్వాత యాక్సిల్ నట్టు బిగించండి. గుడ్డ తీసి ప్లే మళ్ళీ కొలవండి, సగం సార్లు కొంచెం మారి ఉంటుంది, విసుక్కోకుండా మళ్ళీ చెయ్యాల్సిందే.

తర్వాత అడ్జస్టర్ లాక్ నట్లు, టార్క్ రాడ్ నట్టు బిగించండి. చక్రం వెనక్కి జరిగింది కదా, బ్రేకు రాడ్ లాగినట్టయి బ్రేకు పట్టేస్తూ ఉండొచ్చు, పెడల్ ప్లే సెట్ చేసి చక్రం చేత్తో ఫ్రీగా తిరుగుతోందో లేదో చూడండి. కాటర్ పిన్ను కొత్తదే వెయ్యండి. చివరిగా స్టాండు తీసి మీ బరువున్న మనిషిని సీటు మీద కూర్చోబెట్టి చైన్ ఒకసారి కదిపి చూడండి, అప్పుడు కూడా కాస్త ఆడుతూ ఉండాలి, అసలు ఆడకపోతే మళ్ళీ ఒక పలక వదలండి.