క్రాష్ తర్వాత యాక్సెస్ ఫైలు తెరుచుకోకపోతే

పని మధ్యలో యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం) మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే ఏదో ఎర్రర్. ఆ టెన్షన్‌లో చేయి నేరుగా రిపేర్ బటన్ మీదికి పోతుంది. ఆగండి. తనకు చదవడం రాని రికార్డులను రిపేర్ వదిలేస్తుంది. అలా ఏం పోయిందో చూసుకోవాలంటే పాత ఫైలు చేతిలో ఉండాలి. ముందు దాన్ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఇక చేసేదంతా ఆ కాపీ మీదే.

సమస్య: కాపీ తెరుచుకుంటోంది, అసలు ఫైలు మాత్రం "వేరొకరు వాడుతున్నారు" అంటోంది.
ఇది తేలికైనది. డేటా పాడవలేదు, క్రాష్ అయినప్పుడు లాక్ ఫైలు (డేటాబేస్ వాడకంలో ఉందని చెప్పే చిన్న ఫైలు) మిగిలిపోయింది. టాస్క్ మేనేజర్‌లో యాక్సెస్ ఇంకా నడుస్తుంటే ఆపండి. నెట్‌వర్క్‌లో ఎవరూ ఆ ఫైలు తెరిచి లేరని తేలాక, పక్కనే అదే పేరుతో ఉన్న .ఎల్ఏసీసీడీబీ (.laccdb) ఫైలును తీసేయండి. అదే ఆ లాక్ ఫైలు.

సమస్య: "డేటాబేస్ ఫార్మాట్ గుర్తించలేకపోతున్నాం."
కొత్త వెర్షన్‌లో చేసిన ఫైలును పాత యాక్సెస్‌లో తెరిచినా ఇదే మాట వస్తుంది, అది ముందు చూసుకోండి. అది కాకపోతే కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి అక్షరాల మధ్య మొదటి వరుసలో "స్టాండర్డ్ ఏస్ డీబీ" (పాత .ఎండీబీ అయితే "స్టాండర్డ్ జెట్ డీబీ") కనిపిస్తే ఆశ ఉంది. అంతా ఖాళీగా ఉంటే రిపేర్‌తో కుస్తీ పట్టకుండా బ్యాకప్ వెతకండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం నొక్కొద్దు.

ఆశ ఉంటే, ఏ డేటాబేసూ తెరవని యాక్సెస్‌లో డేటాబేస్ టూల్స్ కింద ఉన్న కంపాక్ట్ అండ్ రిపేర్ నడపండి. అప్పుడు ఫలితాన్ని కొత్త పేరుతో రాయమని చెప్పే వీలుంటుంది. అదీ కుదరకపోతే ఖాళీ డేటాబేస్ ఒకటి చేసి, ఎక్స్‌టర్నల్ డేటా నుంచి టేబుళ్లను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేయండి. అన్నీ ఒకేసారి లాగితే, చెడిన ఒక్కటి దగ్గర పని ఆగిపోవచ్చు.

సమస్య: ఫైలు తెరుచుకుంటుంది, ఒక టేబుల్‌లో మాత్రం కొన్ని గడుల్లో "#డిలీటెడ్" అనో, చైనా లిపిలాంటి అక్షరాలో.
ఎక్కువగా దెబ్బతినేది మెమో ఫీల్డు, అంటే ఇప్పటి లాంగ్ టెక్స్ట్. పొడవైన రాతలను యాక్సెస్ రికార్డుతో కలిపి కాకుండా వేరే పేజీల్లో దాస్తుంది. సేవ్ అవుతుండగా మధ్యలో ఆగితే రికార్డు ఒకచోట, దాని రాత ఇంకోచోట తెగిపోతాయి. అలాంటి రికార్డు మీద క్లిక్ చేస్తేనే మళ్లీ క్రాష్ కావచ్చు. అందుకే టేబుల్ నిర్మాణాన్ని మాత్రం కాపీ చేసుకుని, అపెండ్ క్వెరీతో (ఒక టేబుల్ రికార్డులను ఇంకోదానికి చేర్చే ఆదేశంతో) విడతలుగా నింపండి: ఐడీ 1 నుంచి 1000, తర్వాత 1001 నుంచి 2000. ఏ విడత ఆగిందో దాన్ని సగానికి, మళ్లీ సగానికి కోస్తూ పోతే చెడిన రికార్డు దొరుకుతుంది. విసుగు పనే, కానీ ఒక్క రికార్డు కోసం టేబులంతా వదులుకోనక్కర్లేదు. ఆ రికార్డులో కూడా మెమో ఫీల్డు వదిలేసి మిగతావి తెచ్చుకోవచ్చు.

సమస్య: టేబుళ్లు బాగున్నాయి, ఫారం తెరవగానే క్రాష్.
షిఫ్ట్ పట్టుకుని ఫైలు తెరిస్తే మొదటి ఫారం దానంతటది నడవదు. తర్వాత అన్నిటినీ కొత్త డేటాబేస్‌లోకి ఇంపోర్ట్ చేయండి. చెడిన ఫారం రాకపోతే దాన్ని మళ్లీ చేసుకోవాల్సిందే.

ఫైలు తెరుచుకుందని వెంటనే పనిలో దిగకండి. రిపేర్ తర్వాత ఒక్కోసారి ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ విడిగా గుర్తించే ఫీల్డు), టేబుళ్ల మధ్య రిలేషన్‌షిప్‌లు పోతాయి. అవి లేకపోయినా ఎర్రరేమీ రాదు, డూప్లికేట్లు పడుతూనే ఉంటాయి.