బరువు తగ్గాలంటే రోజుకు ఎన్ని కేలరీలు? ఇంట్లోనే లెక్క వేసుకోవడం ఎలా

బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. నాలుగు రోజులు కడుపు మాడ్చుకుని ఐదో రోజు రెట్టింపు తింటారు. దానికి బదులు కాగితం, పెన్ను పట్టుకుని పది నిమిషాలు కూర్చోండి.

ముందు పొద్దున్నే పరగడుపున బరువు చూసుకోండి. ఎత్తును సెంటీమీటర్లలోకి మార్చండి. అంగుళానికి 2.54 చొప్పున, ఐదడుగుల రెండంగుళాలు సుమారు 157 సెంటీమీటర్లు. ఇక 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జ్యోర్ సూత్రం వాడదాం:

(బరువు × 10) + (ఎత్తు × 6.25) − (వయసు × 5)

వచ్చినదానికి పురుషులైతే 5 కలపాలి, స్త్రీలైతే 161 తీసేయాలి. కదలకుండా పడుకున్నా శరీరం ఖర్చు చేసే కేలరీలు అవి. 72 కిలోలు, 157 సెంటీమీటర్లు, 34 ఏళ్లు ఉన్న గృహిణికి సుమారు 1,370 వస్తుంది.

దాన్ని మీ కదలికతో హెచ్చించండి. ఎక్కువసేపు కూర్చునే ఉంటే 1.2, వారంలో రెండు మూడు రోజులు నడిస్తే 1.375, వారంలో మూడు నుంచి ఐదు రోజులు ఓ మోస్తరు వ్యాయామం చేస్తే 1.55. చాలామంది పొరబడేది ఇక్కడే. సందేహం ఉంటే చిన్న అంకె తీసుకోండి. మన గృహిణికి 1.2 వేస్తే 1,644. అంత తింటే బరువు ఉన్నచోటే ఉంటుంది.

అందులోంచి 400 తగ్గిస్తే సుమారు 1,250. కిలో కొవ్వుకు దాదాపు 7,700 కేలరీలు కాబట్టి నెలకు కిలోన్నర వరకు తగ్గవచ్చు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా స్త్రీలు 1,200 కంటే, పురుషులు 1,500 కంటే కిందికి వెళ్లకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్‌కు మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ లెక్క మొదలుపెట్టవద్దు.

సూత్రం సులువే. అసలు కష్టం వంటింట్లో ఉంది. అన్నాన్ని గరిటెలతో లెక్కపెడితే తప్పుతుంది, ఎందుకంటే అదే బియ్యం ఒకరోజు పలుకుగా, ఒకరోజు మెత్తగా ఉడుకుతుంది. బియ్యాన్నే తూచండి. 300 గ్రాముల బియ్యం అంటే సుమారు 1,050 కేలరీలు. ఉడికాక అన్నం మొత్తం 840 గ్రాములు తూగిందనుకోండి, మీ కంచంలో 200 గ్రాములు పెట్టుకుంటే 250 కేలరీలు తిన్నట్టు.

నూనె సంగతి ఇంకా ముఖ్యం, అది కంటికి కనబడదు. పోపులో, వేపుడులో, ఆవకాయ మీద తేలే నూనెలో ప్రతి గ్రాముకూ 9 కేలరీలు. లీటరు ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాయండి. నలుగురున్న ఇంట్లో ఎనిమిది రోజుల్లో అయిపోతే, లీటరులో సుమారు 8,200 కేలరీలు కాబట్టి మనిషికి రోజుకు 250 పైమాటే. మీరు తగ్గించదలచుకున్న 400లో సగానికి మించి అక్కడే ఉంది! ముద్దలో కలుపుకునే నెయ్యి చెంచాకు 45, కాఫీలో చక్కెర చెంచాకు 20 విడిగా రాసుకోండి.

రోజువారీ బరువు నీటి వల్ల హెచ్చుతగ్గులవుతుంది, కంగారు పడకండి. వారం సగటు చూడండి. మూడు వారాలైనా ముల్లు కదలకపోతే ముందు నూనె లెక్క సరిచూసుకుని, ఆ తర్వాతే ఇంకో 100 తగ్గించండి, పైన చెప్పిన హద్దు దాటకుండా. ఐదారు కిలోలు తగ్గాక సూత్రాన్ని మళ్లీ వేయాలి. 66 కిలోలకు వచ్చిన గృహిణికి 1,644 కాదు, 1,572 మాత్రమే వస్తుంది.