వరంగల్ వైపు టూరా? గైడ్‌బుక్ ఇలా చూసి కొనండి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గైడ్‌బుక్కులు చవగ్గా దొరుకుతాయి, కానీ అట్ట మీద బొమ్మ చూసి బేరం మొదలుపెట్టకండి. ముందు లోపలి పేజీలో సంవత్సరం చూడండి. పునర్ముద్రణ అని ఉంటే నమ్మలేం, పాత సరుకునే మళ్లీ అచ్చేసి ఉండొచ్చు.

అనుమానంగా ఉంటే నేరుగా రామప్ప గుడి పేజీ తీయండి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ గుడి ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉందని రాసి ఉంటే పుస్తకం పాతదన్నమాట, ఎందుకంటే 2019లో ములుగు వేరే జిల్లా అయింది, రామప్ప ఇప్పుడు అందులో ఉంది. యాదగిరిగుట్ట ఫొటో కూడా చూడండి, అక్కడ కొత్తగా కట్టిన ఆలయం తెరిచింది 2022లో.

అలాగని పాతది దండగ అనను. కాకతీయుల చరిత్ర, శిల్పాలు, శాసనాల గురించి చదవాలంటే ఒక్కోసారి పాత పుస్తకమే నయం, కొత్తవాటిలో కొన్ని హోటళ్ల ప్రకటనలతోనే నిండిపోతాయి (మనం డబ్బులిచ్చి మరీ కొనాలి!). బస్సు టైములు, టికెట్ ధరలు మాత్రం ఫోన్‌లోనే చూసుకోండి.

స్కేలు లేని మ్యాప్ ఉంటే పక్కన పెట్టేయండి. వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్ దగ్గర దగ్గరే, రామప్ప మాత్రం అక్కడి నుంచి సుమారు 65 కిలోమీటర్లు. అది తెలియకుండా పిల్లలతో ఒక్కరోజు ప్లాన్ వేస్తే సాయంత్రానికి టెన్షనే. అమ్మానాన్నలు కూడా వస్తుంటే పెద్ద అక్షరాలున్న తెలుగు పుస్తకం తీసుకోండి.